హిగ్స్ గామా బీమ్: పిగ్మీ డైపోల్ పనికి ఎంతవరకు ఉపయోగం?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్‌లోని డ్యూక్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది ఈ గామా కిరణాల కేంద్రం. నడిపేది ట్రయాంగిల్ యూనివర్సిటీస్ న్యూక్లియర్ లేబొరేటరీ. అసలు పేరు హై ఇంటెన్సిటీ గామా రే సోర్స్, వాడుకలో హిగ్స్. హిగ్స్ బోసాన్ కణానికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. బయటి పరిశోధకులు ప్రపోజల్ పెట్టుకుంటే, కమిటీ ఒప్పుకుంటే, బీమ్ టైమ్ ఇస్తారు. న్యూక్లియర్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ, పిగ్మీ డైపోల్ రెజొనెన్స్ (కేంద్రకంలోని ఒక రకం ఊపు, వివరం కింద ఉంది) మీద ప్రయోగం ఎక్కడ పెట్టుకోవాలా అని చూస్తున్నవాళ్ల కోసం ఈ రివ్యూ.

మార్కులు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. ఒక ఉత్తేజిత స్థితి స్పిన్ ఎంత, ప్యారిటీ (ప్లస్, మైనస్‌గా రాసే సౌష్టవ గుర్తు) ఏమిటి, అది ఏ దారిలో కిందికి దిగుతోంది అన్నవి తేల్చడానికి 5కి 5. ఒక కేంద్రకంలో డైపోల్ బలం మొత్తం ఎంతో లెక్కగట్టడానికి 5కి 3. అస్థిర ఐసోటోపులకైతే సున్నా, ఎందుకంటే టార్గెట్‌ను చేత్తో తీసుకెళ్లి బీమ్ ముందు పెట్టాలి. టిన్-132 ఆ పనికి నిలవదు.

ఇంతకీ కొలిచేది ఏమిటంటే: కేంద్రకంలో ప్రోటాన్లన్నీ ఒకవైపు, న్యూట్రాన్లన్నీ ఇంకోవైపు ఊగితే వచ్చేది జెయింట్ డైపోల్ రెజొనెన్స్. సీసం-208లో అది 13.4 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర ఉంటుంది. న్యూట్రాన్లు ఎక్కువున్న కేంద్రకాల్లో దానికి బాగా దిగువన, న్యూట్రాన్ విడిపోయే శక్తికి కాస్త అటూ ఇటూగా, డైపోల్ స్థితుల గుంపు ఒకటి కనిపిస్తుంది. మొత్తం సమ్ రూల్‌లో, అంటే కేంద్రకానికి ఉండగల మొత్తం డైపోల్ బలంలో, దాని వాటా కొద్ది శాతమే, అందుకే పిగ్మీ అన్నారు. అంచున ఉన్న అదనపు న్యూట్రాన్ల పొర లోపలి ముద్దకు ఎదురుగా ఊగడం వల్ల వస్తోందని ఎక్కువమంది చెప్పే వివరణ. అయితే ఆ గుంపులోని స్థితులన్నీ ఆ బాపతేనా అన్నది ఇంకా తెగలేదు. న్యూట్రాన్ చర్మం (ఆ అంచు పొర) మందం, ఆర్-ప్రాసెస్‌లో (విశ్వంలో బరువైన మూలకాలు పుట్టే ఒక ప్రక్రియ) న్యూట్రాన్ క్యాప్చర్ రేట్లు, రెండూ దీనితో ముడిపడి ఉన్నాయి కాబట్టే ఇంత గొడవ.

బీమ్ తయారయ్యే పద్ధతి తెలిస్తేనే దాని బలాలూ లోపాలూ అర్థమవుతాయి. స్టోరేజ్ రింగ్‌లో ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి, వాటి శక్తిని 0.24 నుంచి 1.2 జీఈవీ మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అవే ఎలక్ట్రాన్లు ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్‌ను కూడా నడుపుతాయి. రింగ్‌లో రెండు గుత్తులు ఎదురెదురుగా ఉంటాయి. ఒక గుత్తి ఇచ్చిన లేజర్ కాంతి అద్దం మీద నుంచి తిరిగొచ్చి రెండో గుత్తికి ఎదురుగా ఢీకొంటుంది. వెనక్కి చెదిరిన ఫోటాన్ గామా అవుతుంది. శక్తి లెక్క సులువు: ఎలక్ట్రాన్ లోరెంజ్ ఫ్యాక్టర్‌ను (దాని శక్తి నిశ్చల శక్తికి ఎన్ని రెట్లో) వర్గం చేసి, 4తో, లేజర్ ఫోటాన్ శక్తితో గుణించాలి. 500 ఎంఈవీ ఎలక్ట్రాన్లకు ఆ ఫ్యాక్టర్ సుమారు 978. 548 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి ఫోటాన్ 2.26 ఈవీ. గుణిస్తే దాదాపు 8.7 ఎంఈవీ, అంటే సరిగ్గా మనకు కావలసిన చోటు. శక్తి మార్చాలంటే ఎలక్ట్రాన్ శక్తినైనా మార్చాలి, లేజర్ తరంగదైర్ఘ్యాన్నైనా మార్చాలి. రెండోది అద్దాల జత అనుమతించే మేరకే సాధ్యం. అది దాటితే అద్దాలే మార్చాలి, అది చిన్న పని కాదు. ఎలాగూ పిగ్మీ ప్రాంతమంతా 20 ఎంఈవీ లోపే. ఆ పరిధిలో ఢీకొన్న ఎలక్ట్రాన్ రింగ్‌లోంచి పోదు, బీమ్ గంటల తరబడి నిలకడగా వస్తుంది. అంతకు పైశక్తులు అడిగేవాళ్లకు ఆ సుఖం లేదు.

అన్ని దిక్కులకూ కలిపి సెకనుకు వెయ్యి కోట్ల ఫోటాన్ల దాకా వస్తాయి. మన టార్గెట్ మీద పడేవి అందులో చిన్న ముక్కే. ఢీకొనే చోటుకు యాభై మీటర్లకు పైగా దూరంలో సీసపు కొల్లిమేటర్ ఉంటుంది. నడిమి భాగాన్ని మాత్రమే వదిలి మిగతాదంతా కోసేస్తుంది. ఈ బేరంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: రంధ్రం ఎంత చిన్నదైతే బీమ్ శక్తి వెడల్పు అంత తగ్గుతుంది, ఫోటాన్లూ అంతే తగ్గుతాయి. పైన చెప్పిన 500 ఎంఈవీ లెక్కలో 19 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే వెడల్పు సుమారు 3 శాతం, అంటే 8 ఎంఈవీ దగ్గర దాదాపు 240 కేఈవీ. 12.7 మిల్లీమీటర్లు పెడితే జ్యామితి నుంచి వచ్చే వాటా సగానికన్నా తగ్గుతుంది. కానీ అప్పటికి ఎలక్ట్రాన్ బీమ్ సొంత వెడల్పు బయటపడుతుంది, అందుకని అనుకున్నంత లాభం చేతికి రాదు. 19తో వెళ్లడమే మేలు, స్థితులు మరీ కిక్కిరిసిన చోట తప్ప. అప్పుడు టార్గెట్ మీద సెకనుకు కోటి నుంచి పది కోట్ల ఫోటాన్లు పడతాయి.

240 కేఈవీ వెడల్పు వల్ల ఒక ఉపాయం కలిసొస్తుంది. జర్మేనియం డిటెక్టర్‌లో ఇంత పెద్ద గామా పడితే అసలు శిఖరంతో పాటు 511 కేఈవీ కింద ఒకటి, 1022 కేఈవీ కింద ఇంకొకటి ఎస్కేప్ శిఖరాలు వస్తాయి. బ్రెమ్‌స్ట్రాలుంగ్ బీమ్‌తో (ఎలక్ట్రాన్లను ఆపి పుట్టించే, అన్ని శక్తులూ కలిసిన గామాలతో) పనిచేసేవాళ్లకు ఇది నిత్య తలనొప్పి: 6.5 ఎంఈవీ దగ్గర కనిపించింది నిజమైన స్థితా, 7.0 దగ్గరి దాని నీడా? ఇక్కడ బీమ్ శక్తి కిటికీ 511 కన్నా చిన్నది కాబట్టి ఎస్కేప్ శిఖరాలు కిటికీ బయటే పడతాయి. పై స్థితుల నుంచి దిగివచ్చి కింది స్థితిని నింపే ఫీడింగ్ కూడా ఉండదు, పై స్థితుల్ని మనం అసలు లేపలేదు కదా.

ఈ కేంద్రానికి అసలు పేరు తెచ్చిపెట్టింది ధ్రువణం, అంటే బీమ్ విద్యుత్ క్షేత్రం ఊగే తీరు ఖాయంగా ఉండటం. బీమ్ దాదాపు నూరు శాతం ధ్రువితం, తిన్నటిదైనా వృత్తాకారమైనా. ప్యారిటీకి తిన్నటిది కావాలి, విద్యుత్ క్షేత్రం అడ్డంగా ఉంటుంది. సరి-సరి కేంద్రకంలో (ప్రోటాన్లూ న్యూట్రాన్లూ సరి సంఖ్యలో ఉన్నదానిలో) గ్రౌండ్ స్టేట్ సున్నా ప్లస్, అంటే స్పిన్ సున్నా, ప్యారిటీ ప్లస్. దాన్ని లేపి ఒకటి మైనస్ స్థితికి తీసుకెళ్తే, తిరిగి వచ్చే గామా ఆ క్షేత్రం దిశలో రాదు, టార్గెట్‌కు పైనా కిందా ఉన్న డిటెక్టర్లలో పడుతుంది. ఒకటి ప్లస్ అయితే సరిగ్గా తలకిందులు: ఎడమ, కుడి డిటెక్టర్లలో పడి, పైన మాయమవుతుంది. స్పెక్ట్రాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క వేయకముందే కంటికి తెలిసిపోతుంది. ఇంకే పద్ధతిలోనూ ఇంత సూటి జవాబు రాదు. 2002లో బేరియం-138 మీద ఇక్కడ చేసిన పని ఈ దారి చూపించింది. 2010లో అదే కేంద్రకం మీద వచ్చిన ఫలితాలు పిగ్మీ బలం దాదాపు అంతా విద్యుత్ డైపోల్‌దేనని, అయస్కాంత వాటా చిన్నదని నిలబెట్టాయి.

అయితే రెండు జాగ్రత్తలు. రెండు ప్లస్ స్థితి కూడా అడ్డం డిటెక్టర్లలోనే కనిపిస్తుంది, ఒకటి ప్లస్‌లాగే. వాటిని విడదీయడానికి వెనక్కి వంచి పెట్టిన డిటెక్టర్ ఇంకొకటి తప్పనిసరి. ధ్రువణం లేని బీమ్‌లో 90, 127 డిగ్రీల తీవ్రతల నిష్పత్తి స్పిన్ 1కి 0.73, స్పిన్ 2కి 2.28 వస్తుంది. తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది కాబట్టి చాలా ప్రయోగశాలలు ఆ కోణాన్నే పట్టుకున్నాయి. రెండో జాగ్రత్త: డిటెక్టర్‌ను దగ్గరికి జరిపితే లెక్కింపు పెరుగుతుంది, కానీ అది ఎక్కువ కోణాన్ని కప్పేస్తుంది కాబట్టి పైకీ పక్కకీ మధ్య తేడా పలచబడుతుంది. బలహీనమైన శిఖరం మీద అసౌష్టవం (పైకీ పక్కకీ లెక్కింపుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) 0.5 వస్తే అది జ్యామితి వల్లా, రెండు స్థితులు ఒకదానిమీద ఒకటి పడటం వల్లా అని తేల్చుకోవాలి. జీయాంట్-4 (కణాలు పదార్థంలో సాగే తీరును లెక్కించే ప్రోగ్రామ్) సిమ్యులేషన్ ముందే చేసి, మీ జ్యామితికి గరిష్ఠ అసౌష్టవం ఎంతో రాసుకుని వెళ్లండి.

డిటెక్టర్ల విషయం. ఇక్కడి గామా-క్యూబ్ అమరికను 2013లో ప్రచురించారు: నాలుగు జర్మేనియం డిటెక్టర్లు, నాలుగు 3 అంగుళాల లాంథనం బ్రోమైడ్‌లు. ఒక్కొక్క స్థితిని విడదీసి చూడటం జర్మేనియం పని. 8 ఎంఈవీ దగ్గర కూడా రెజొల్యూషన్ పది కేఈవీ లోపు ఉంటుంది. అదే చోట లాంథనం బ్రోమైడ్‌కు 1 శాతం చొప్పున 80 కేఈవీ. అది విడివిడి శిఖరాలకు కాదు, గామా-గామా కోయిన్సిడెన్స్‌కు (ఒకేసారి వచ్చిన రెండు గామాలను జతగా పట్టడానికి): సామర్థ్యం ఎక్కువ, సమయం నానోసెకను లోపు తేలుతుంది. గామా గుత్తులు 179 నానోసెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి, కాబట్టి టైమింగ్ బాగుంటే బీమ్‌తో సంబంధం లేని చెత్తలో చాలా భాగాన్ని కోసేయొచ్చు.

ఇక్కడే బాగా చదువుకున్నవాళ్లు కూడా జారిపడే చోటు ఒకటుంది. లాంథనం బ్రోమైడ్ స్ఫటికంలో లాంథనం-138 సహజంగానే ఉంటుంది, అది రేడియోధార్మికం. ఎలక్ట్రాన్ క్యాప్చర్‌తో అది బేరియం-138గా మారి 1436 కేఈవీ గామా ఇస్తుంది. ఇప్పుడు మీ టార్గెట్ బేరియం-138 అనుకోండి. మొదటి రెండు ప్లస్ స్థితి నుంచి గ్రౌండ్ స్టేట్‌కు దిగే గామా కూడా అదే 1436, అదే కేంద్రకం, అదే స్థితి! పిగ్మీ స్థితులు ఎంత శాతం ఆ రెండు ప్లస్ మీదుగా దిగుతున్నాయన్నది కొలవాలనుకుంటే, మీ డిటెక్టరే మీకు బీమ్ లేకుండా ఆ జవాబు ఇస్తూ ఉంటుంది. స్ఫటికం లోపల పుట్టిన దానికి బేరియం ఎక్స్-రే కలిసి శిఖరం 1470 దగ్గరికి జరుగుతుంది, కానీ ఆ శక్తి దగ్గర రెజొల్యూషన్ 30 కేఈవీ దాకా ఉంటుంది కాబట్టి పూర్తిగా విడిపోదు. పక్కనున్న జర్మేనియం డిటెక్టర్‌లోకి తప్పించుకుని వచ్చేది మాత్రం అచ్చంగా 1436 మీదే కూర్చుంటుంది. మందు ఏమిటంటే: బీమ్ ఆపి గంటల తరబడి బ్యాక్‌గ్రౌండ్ రన్ తీయండి, టైమ్ గేట్ బిగించండి, వీలైతే సీరియం బ్రోమైడ్ స్ఫటికాలు అడగండి. సీరియం బ్రోమైడ్ రెజొల్యూషన్ 662 కేఈవీ దగ్గర 4 శాతం, లాంథనం బ్రోమైడ్‌ది 3 శాతం. ఆ కాస్త నష్టం భరించొచ్చు. సీరియం-140 టార్గెట్‌కు ఈ బాధ లేదు, దాని రెండు ప్లస్ 1596 కేఈవీ దగ్గర ఉంది. ఆ కేంద్రకపు పిగ్మీ స్థితులు దిగే దారుల మీద ఈ అమరికతోనే 2016లో మంచి ఫలితాలు వచ్చాయి.

లాంథనం బ్రోమైడ్‌తో ఇంకో చిక్కు: వెలుగు ఎక్కువ, అదీ 16 నానోసెకన్లలో కుమ్మరిస్తుంది. 8, 9 ఎంఈవీ పడితే ఫోటోమల్టిప్లయర్ సంతృప్తమై క్యాలిబ్రేషన్ వంగిపోతుంది. కోబాల్ట్-60తో గీసిన సరళరేఖను 9 ఎంఈవీ దాకా సాగదీస్తే కచ్చితంగా తప్పు వస్తుంది. వోల్టేజ్ తగ్గించి నడపండి, పైశక్తి బిందువు ఒకటి బోరాన్ నుంచి తీసుకోండి.

టార్గెట్‌కు ఐసోటోపు శుద్ధి చేసిన పదార్థం గ్రాముల్లో కావాలి, మిల్లీగ్రాములతో ఇక్కడ పనికాదు. ఏ రసాయన రూపంలో దొరుకుతుందో ముందే చూసుకోండి. ఆక్సైడ్, కార్బొనేట్ అయితే ఆక్సిజన్-16 స్థితులు 6917, 7117 కేఈవీ దగ్గర నిటారుగా నిలబడతాయి. సరిగ్గా పిగ్మీ నడిబొడ్డున! క్యాలిబ్రేషన్‌కు పనికొస్తాయని సంతోషించొచ్చు గానీ, ఆ చుట్టుపక్కల ఉన్న మీ బలహీన స్థితులు పోయినట్టే. లోహం రూపంలో దొరికితే లోహమే తీసుకోండి. సీసం-208కి 7063, 7083, 7332 దగ్గర గట్టి స్థితులున్నాయి కాబట్టి బీమ్ దారిలో సీసం ఎక్కడైనా అంచు తగిలినా అవి స్పెక్ట్రంలోకి వచ్చేస్తాయి. న్యూట్రాన్ త్రెషోల్డ్ (న్యూట్రాన్ విడిపోయే శక్తి) దాటి నడిపితే గదిలోని ఇనుము న్యూట్రాన్లను పట్టుకుని 7631, 7645 జంటను ఇస్తుంది. ఈ జంట కనిపించి, ధ్రువణంతో ఏ మార్పూ లేదంటే అది మీ కేంద్రకానిది కాదు.

ఇక ఫ్లక్స్. ఈ సర్వీసులో నాకు నచ్చని భాగం ఇదే. బీమ్ ఆకారాన్ని సున్నా డిగ్రీల దగ్గర పెట్టిన పెద్ద జర్మేనియం డిటెక్టర్‌తో చూస్తారు, బీమ్‌ను రాగి దిమ్మెలతో బాగా పలచన చేసి. వచ్చిన స్పెక్ట్రంలోంచి డిటెక్టర్ స్పందనను సిమ్యులేషన్‌తో విడదీస్తే ఆకారం తెలుస్తుంది, ఎన్ని ఫోటాన్లో తెలియదు. సంఖ్య కోసం బోరాన్-11 పెట్టాలి. దాని స్థితులు 4.445, 5.020, 7.286, 8.920 ఎంఈవీ దగ్గర ఉన్నాయి, బలాలు బాగా తెలిసినవే. చూశారుగా, 5.02కీ 7.29కీ మధ్య పెద్ద ఖాళీ! పిగ్మీలో సగం ఆ ఖాళీలోనే ఉంది. అక్కడ పలుచటి రాగి పలక నుంచి చెదిరిన కాంప్టన్ ఫోటాన్లను లెక్కపెట్టి, పక్క బిందువుల నుంచి ఆ స్కేలును మోసుకురావాలి. 8.07 ఎంఈవీ దాటితే బంగారం రేకు యాక్టివేషన్ (గామా తగిలి రేకులో పుట్టిన రేడియోధార్మికత కొలత) ఇంకో సరిచూపు. ఈ పనులన్నీ ప్రపోజల్‌లో గంటలుగా రాయకపోతే తర్వాత అబ్సల్యూట్ క్రాస్ సెక్షన్‌లో (చర్య జరిగే అవకాశపు అసలు విలువలో) దోషం పెరిగిపోతుంది.

గంటల లెక్క ఇలా వేయండి. 5 నుంచి 8.6 ఎంఈవీ దాకా, అంటే బేరియం-138 త్రెషోల్డ్ దాకా, 3 శాతం అడుగులతో నడిస్తే 18 సెట్టింగులు. ఒక్కోదానికి 6 గంటలంటే 108 గంటల బీమ్, అదీ కోయిన్సిడెన్స్ లేకుండా. ప్రతి మార్పుకూ ట్యూనింగ్, బీమ్ ఆకారం కొలత కలపాలి. కోయిన్సిడెన్స్ కావాలంటే 18 చోట్లా చేయాలనుకోవద్దు. మూడు, నాలుగు శక్తులు ఎంచుకుని ఒక్కోదానికి ఒకటి రెండు రోజులు పెట్టడమే తెలివి.

కొలత అయ్యాక కూడా ఒక లెక్క మిగులుతుంది. విడివిడిగా కనిపించిన శిఖరాల బలం కలిపితే మొత్తం రాదు. శక్తి పెరిగేకొద్దీ స్థితులు చిక్కబడి, బలహీనమైనవన్నీ బ్యాక్‌గ్రౌండ్‌లాగా పరుచుకుంటాయి. అదృష్టవశాత్తు బీమ్ కిటికీ ఇరుకు కాబట్టి ఆ కిటికీలో ఉన్న ఎత్తంతా, శిఖరాలూ మధ్య నేలా కలిపి, తీసుకోవచ్చు. దానికి రెండు ప్లస్ మీదుగా దిగిన వాటాను కలిపితే ఫోటో అబ్సార్ప్షన్ (కేంద్రకం గామాలను మింగిన మొత్తం) వస్తుంది. శిఖరాలు మాత్రమే లెక్కపెట్టిన పాత ఫలితాలతో మీ అంకెలు పోల్చేటప్పుడు ఇది మర్చిపోతే, లేని వైరుధ్యం కనిపిస్తుంది.

త్రెషోల్డ్ దాటాక కేంద్రకం గామాకు బదులు న్యూట్రాన్‌ను వదిలేస్తుంది, ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. సీసం-208కి ఆ గీత 7.37 ఎంఈవీ దగ్గరే ఉంది. గీతకు ఆ పక్కా ఈ పక్కా ఒకే కొలతలో కావాలంటే జపాన్‌లో ఒసాకా ఆర్‌సీఎన్‌పీ అనే అణు భౌతిక కేంద్రానికి వెళ్లాలి. అక్కడ 295 ఎంఈవీ ప్రోటాన్లను సున్నా డిగ్రీల దగ్గర చెదరగొట్టి 2011లో సీసం-208 డైపోల్ పోలరైజబిలిటీ (విద్యుత్ క్షేత్రానికి కేంద్రకం ఎంత సాగుతుందో చెప్పే అంకె) 20.1 ఘన ఫెమ్టోమీటర్లని తేల్చారు. అస్థిర కేంద్రకాలకు జర్మనీలో జీఎస్‌ఐ అనే అయాన్ యాక్సెలరేటర్ కేంద్రం. టిన్-130, 132ల్లో 10 ఎంఈవీ దగ్గరి పిగ్మీ 2005లో అక్కడే కనిపించింది, నికెల్-68 ఫలితాలూ అక్కడివే. ఇక స్థితి లోపలి స్వభావం, అంటే అంచు న్యూట్రాన్ల ఊపా కాదా అన్నది, గామా ఒక్కటే చెప్పలేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 136 ఎంఈవీ ఆల్ఫాలతో సీరియం-140ను కొట్టినప్పుడు, గామాలు లేపిన స్థితుల్లో కింది గుంపే ఆల్ఫాలకూ లేచింది, పై గుంపు దాదాపు కదల్లేదు. 2006లో వచ్చిన ఆ ఫలితం తర్వాత హిగ్స్ డేటా ఒక్కదానితో పిగ్మీ గురించి తీర్పు చెప్పే పేపర్లను రెఫరీలు ఊరికే వదలడం లేదు, అది న్యాయమే.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు డార్మ్‌స్టాట్ ఎస్-డాలినాక్‌లోనో డ్రెస్డెన్ దగ్గరి ఎల్బేలోనో (రెండూ జర్మనీలోని ఎలక్ట్రాన్ యాక్సెలరేటర్లు) బ్రెమ్‌స్ట్రాలుంగ్‌తో ఒక్క దెబ్బకు పరిధి మొత్తం చూసి, స్థితుల జాబితా తీయండి, లేదా ప్రచురితమైన జాబితా ఉంటే అదే వాడండి. ఆ జాబితా పట్టుకుని హిగ్స్‌కు వెళ్తే ఏ కిటికీలో ఎన్ని గంటలు కావాలో కమిటీకి అంకెలతో చూపించొచ్చు. జాబితా లేకుండా, "5 నుంచి 9 దాకా వెతుకుతాం" అని రాసే ప్రపోజల్‌కు గంటలు దొరకడం కష్టం. దొరికినా సగం గంటలు ఖాళీ కిటికీల మీదే ఖర్చవుతాయి.